కారవాజ్జో మగ్దలేనే మరియ: ఏడుస్తోందా, చనిపోతోందా, దైవాన్ని చూస్తోందా?

2025లో ఒక పాత ఇటాలియన్ చిత్రం మన దేశానికి వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో న్యూఢిల్లీలోని కిరణ్ నాడార్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్‌లో, ఆ తర్వాత బెంగళూరులోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో దాన్ని ప్రదర్శించారు. పేరు 'పారవశ్యంలో మగ్దలేనా'. గీసిన కాలం 1606. చిత్రకారుడు మికెలాంజెలో మెరీసి, అంటే లోకం కారవాజ్జో అని పిలిచే మనిషి.

చిత్రం చిన్నదే, ఎత్తు మీటరుకు కాస్త ఎక్కువ. అందులో ఉన్నది ఒక్క స్త్రీ, యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ (ఇటాలియన్‌లో మగ్దలేనా). తల వెనక్కి వాలిపోయింది. కళ్లు సగం మూతలు పడ్డాయి, పెదవులు కొంచెం విడివడ్డాయి. జుట్టు విరబోసుకుని ఉంది. తెల్లటి లోచొక్కా ఒక భుజం మీంచి జారింది, ఒడి మీద ఎర్రటి వస్త్రం పరుచుకుంది. రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని పొట్ట దగ్గర ఆగాయి. వెలుగు ఆ ముఖం మీద, మెడ మీద, భుజం మీద, చేతుల మీద మాత్రమే పడుతోంది. మిగతాదంతా చీకటి.

ఇది క్రైస్తవ భక్తి చిత్రం అని చెప్పినప్పుడు చాలామందికి వచ్చే సందేహాలు న్యాయమైనవే. ఈమె పునీతురాలైతే భక్తి చిత్రాల్లో కనిపించే కాంతివలయం, దేవదూతలు, జపమాల ఏవీ? ఈమె వేశ్య అని విన్నామే, నిజమా? యేసు శిష్యురాలికి ఏకాంత తపస్సుతో సంబంధం ఏమిటి? అన్నిటికీ మించి, ఆమెకు ఏమవుతోంది? వీటికి జవాబు ఒకే చోట దొరకదు. బైబిలు, మధ్యయుగపు ఫ్రెంచ్ ఐతిహ్యం, 16వ శతాబ్దపు మత వివాదం, ఒక హత్య కేసు, ఇవన్నీ ఈ చిన్న కాన్వాసు మీదకు వచ్చి చేరాయి. ఒక్కొక్కటిగా విడదీసి చూద్దాం.

ఒక పేరు కింద ముగ్గురు స్త్రీలు

సువార్తల్లో మగ్దలేనే మరియ గురించి ఉన్న సమాచారం తక్కువే. యేసు ఆమెలోంచి ఏడు దయ్యాలను వెళ్లగొట్టాడని లూకా 8వ అధ్యాయం చెబుతుంది. ఆమె ఆయనను అనుసరించింది, సిలువ దగ్గర నిలబడింది. సమాధి దగ్గర, తిరిగి లేచిన యేసును మొదట చూసింది ఆమేనని యోహాను సువార్త 20వ అధ్యాయం చెబుతుంది. ఆమె వేశ్య అని బైబిల్లో ఎక్కడా లేదు.

మరి ఆ మాట ఎక్కడిది? లూకా 7వ అధ్యాయంలో పేరు చెప్పని ఒక స్త్రీ వస్తుంది. ఊళ్లో పాపాత్మురాలిగా పేరుపడిన ఆమె, పరిసయ్యుడైన సీమోను ఇంట్లో యేసు పాదాలను కన్నీళ్లతో తడిపి, తలవెంట్రుకలతో తుడిచి, అత్తరు పూస్తుంది. యోహాను 12వ అధ్యాయంలో ఇంకో స్త్రీ, మార్త, లాజరుల తోబుట్టువు బేతనియ మరియ, ఇలాగే అత్తరు పూసి జుట్టుతో తుడుస్తుంది. 591లో పోప్ మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో ఈ ముగ్గురూ ఒక్కరేనని చెప్పాడు. పశ్చిమ క్రైస్తవం వెయ్యేళ్లకు పైగా దాన్నే అనుసరించింది. తూర్పు చర్చిలు ఒప్పుకోలేదు, ముగ్గురినీ వేర్వేరుగానే ఉంచుకున్నాయి. 16వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచ్ పండితుడు జాక్ లెఫెవ్ర్ దెతాప్ల్ ఈ ముగ్గురూ వేరని వాదిస్తే, 1521లో పారిస్ విశ్వవిద్యాలయపు మతపండితులు ఆయన వాదాన్ని ఖండించారు. కాథలిక్ చర్చి 1969లో తన పండుగల క్యాలెండర్‌ను సవరించినప్పుడు ఈ కలగలుపును వదిలేసింది. 2016లో పోప్ ఫ్రాన్సిస్ ఆమె స్మరణదినం జూలై 22ను అపొస్తలుల పండుగలతో సమాన స్థాయికి పెంచారు.

1606లో ఈ సవరణలు లేవు. కారవాజ్జో కాలపు ప్రేక్షకులకు మరియ అంటే ఈ ముగ్గురి కథలూ కలిసిన ఒకే స్త్రీ. విరబోసిన జుట్టు, కన్నీరు, అత్తరు బుడ్డి ఆ పాపాత్మురాలి కథలోంచి వచ్చాయి. శంఖచక్రాలు కనిపిస్తే విష్ణువని మనం పోల్చుకున్నట్టే, ఇటలీలో ఈ మూడూ కనిపిస్తే మగ్దలేనా అని పోల్చుకునేవారు.

గుహ ఎక్కడి నుంచి వచ్చింది

ఏకాంతవాసం సంగతి సువార్తల్లో అసలే లేదు. ఆ కథకు నాలుగో స్త్రీ కారణం. ఈజిప్టు మరియ అనే పునీతురాలి గాథ తూర్పు క్రైస్తవంలో చాలా ప్రసిద్ధం. ఆమె వేశ్యావృత్తి వదిలి, యొర్దాను నది దాటి ఎడారికి వెళ్లి, బట్టలు చిరిగిపోయినా పట్టించుకోకుండా దశాబ్దాలు తపస్సు చేసిందని ఆ గాథ చెబుతుంది. కాలక్రమంలో ఆమె జీవితంలోని తపస్సు భాగం మగ్దలేనే మరియ ఖాతాలో చేరింది.

ఫ్రాన్స్‌లో ఇది స్థానిక చరిత్రగా మారింది. 13వ శతాబ్దంలో జకోపో దా వరాజ్జే కూర్చిన పునీతుల గాథల సంకలనం 'గోల్డెన్ లెజెండ్' ఈ కథను యూరప్ అంతటా వ్యాపింపజేసింది. యేసును నమ్మినవారిని శత్రువులు చుక్కాని లేని పడవలో సముద్రంలోకి తోసేశారు. అది మార్సెయ్ రేవుకు చేరింది. మరియ అక్కడ బోధించి, చివరికి ప్రొవాన్స్ ప్రాంతపు కొండల్లో ఒక గుహకు వెళ్లి 30 ఏళ్లు ఒంటరిగా ఉంది. తిండి లేదు, నీళ్లు లేవు. రోజుకు ఏడుసార్లు, ప్రార్థన వేళల్లో, దేవదూతలు వచ్చి ఆమెను ఆకాశంలోకి ఎత్తేవారు. అక్కడ వినిపించే స్వర్గ సంగీతమే ఆమెకు ఆహారం.

ఆ గుహగా చెప్పే చోటు సెంత్-బోమ్‌లో ఇప్పటికీ యాత్రాస్థలమే. ఆమె అస్థికలు బర్గండీలోని వెజలే మఠంలో ఉన్నాయని ముందు ప్రచారం ఉండేది. 1279లో అంజూ వంశపు రాకుమారుడు చార్లెస్ అవి ప్రొవాన్స్‌లోని సాన్-మక్సిమాన్‌లో దొరికాయని ప్రకటించాడు. కొన్నేళ్లలో డొమినికన్ సన్యాసులు అక్కడ బాధ్యత తీసుకున్నారు. యాత్రికులు ఎటు వెళితే డబ్బూ పేరూ అటే కాబట్టి, ఈ పోటీలో భక్తితో పాటు రాజకీయం కూడా ఉందని చెప్పక తప్పదు.

'పారవశ్యంలో మగ్దలేనా' అన్న అంశానికి మూలం ఈ గుహ కథే. పారవశ్యం అంటే ఇక్కడ సంతోషంతో ఒళ్లు మరిచిపోవడం అన్న మామూలు అర్థం సరిపోదు. ధ్యానం ఎంత లోతుకు వెళ్లిందంటే, మనసు శరీరాన్ని దాటి దైవ సన్నిధికి చేరింది, బయటి లోకపు చూపూ వినికిడీ ఆగిపోయాయి. కాథలిక్ సంప్రదాయంలో దీన్ని దేవుడు ఇచ్చే వరంగా చూస్తారు. మనిషి సాధించి తెచ్చుకునేదిగా చూడరు.

పశ్చాత్తాపానికి ఆ కాలంలో ఎందుకంత ప్రాధాన్యం

బరోక్ కళ, అంటే 17వ శతాబ్దపు నాటకీయ యూరోపియన్ శైలి, పుట్టింది కాథలిక్, ప్రొటెస్టెంట్ వర్గాలుగా చీలిన క్రైస్తవ యూరప్‌లో. పాపాలను చర్చి ఫాదర్ దగ్గర ఒప్పుకుని, ఆయన విధించిన ప్రాయశ్చిత్తం చేసే పద్ధతిని ప్రొటెస్టెంట్లు పవిత్ర సంస్కారంగా అంగీకరించలేదు. పునీతుల చిత్రాలను పూజించడాన్నీ తప్పుపట్టారు. 1545 నుంచి 1563 దాకా విడతలుగా జరిగిన ట్రెంట్ సభలో కాథలిక్ చర్చి ఈ రెంటినీ సమర్థించుకుంది. కానీ చిత్రకారులకు ఒక షరతు పెట్టింది: కామాన్ని రేపే అందంతో పవిత్ర చిత్రాలు గీయకూడదు.

పశ్చాత్తాపపడిన పాపి కన్నా ఆ సంస్కారానికి మంచి ప్రచారం ఏముంటుంది? అందుకే పునీత పేతురు ఏడుస్తూ, పునీత జెరోమ్ ఎడారిలో, మగ్దలేనే మరియ గుహలో, ఇలా వందల చిత్రాలు వచ్చాయి. చిక్కు ఏమిటంటే, మరియ కథలోనే జారిన బట్టలూ విరబోసిన జుట్టూ ఉన్నాయి. షరతును పాటిస్తూ ఆమెను గీయడం కష్టం. ఆ షరతును సాకుగా వాడుకుని ఆమెను గీయడం తేలిక.

ఒకే పునీత, నాలుగు చిత్రాలు

ఈ చిక్కును ఎవరెలా పరిష్కరించారో పక్కపక్కన పెట్టి చూస్తే కారవాజ్జో చేసిన పని అర్థమవుతుంది.

వెనిస్ చిత్రకారుడు టిషన్ 1533 ప్రాంతంలో గీసిన మరియ ఇప్పుడు ఫ్లారెన్స్‌లోని పిట్టి ప్యాలెస్‌లో ఉంది. ఒంటి మీద బట్టలే లేవు, బంగారు రంగు జుట్టు కప్పీ కప్పనట్టు కప్పుతోంది. కళ్లు ఆకాశం వైపు ఎత్తింది, పక్కన అత్తరు బుడ్డి ఉంది. ట్రెంట్ సభ తర్వాత, 1560లలో, ఆయనే ఇదే అంశాన్ని మళ్లీ గీశాడు. అది సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్‌లో ఉంది. ఈసారి బట్టలు వచ్చాయి, ముందు తెరిచిన పుస్తకం, దాని కింద పుర్రె వచ్చాయి. ఒకే చిత్రకారుడి చేతిలో కాలం మారిన తీరు ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

కారవాజ్జో 1590లలో, ఇరవైల వయసులో, ఒక మరియను గీశాడు. రోమ్‌లోని డోరియా పాంఫీలి గ్యాలరీలో ఉంది. పొట్టి కుర్చీలో తల వంచుకుని కూర్చున్న అమ్మాయి, నేల మీద తీసి పడేసిన నగలు, తెగిన ముత్యాల దండ, ఒక బుడ్డి, ముక్కు పక్కన జారుతున్న కన్నీటి బొట్టు. 17వ శతాబ్దపు జీవితచరిత్రకారుడు బెల్లోరి దీన్ని విమర్శించాడు. జుట్టు ఆరబెట్టుకుంటున్న పిల్లను గీసి, బుడ్డీ నగలూ చేర్చి మగ్దలేనా అనిపించాడన్నది ఆయన ఫిర్యాదు. ఆ విమర్శలో పక్షపాతం ఉంది, కానీ ఒక సంగతి ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు: ఆ చిత్రంలో పునీతత్వాన్ని చెబుతున్నవి వస్తువులు.

నాలుగో ఉదాహరణ కారవాజ్జో చనిపోయాక వచ్చింది. రోమ్‌లో కార్డినల్ ఒదోఆర్దో ఫార్నేసే తన చిన్న భవనంలో ఏకాంతవాసుల చిత్రాలతో ఒక గది చేయించుకున్నాడు. దానికోసం జొవాన్ని లాన్‌ఫ్రాంకో 1616 ప్రాంతంలో గీసిన మరియ ఇప్పుడు నేపుల్స్‌లోని కాపొదిమోంతె మ్యూజియంలో ఉంది. గాథలో ఉన్నది ఉన్నట్టు గీశాడు. విశాలమైన ప్రకృతి దృశ్యం మీదుగా దేవదూతలు ఆమెను ఆకాశంలోకి మోసుకుపోతున్నారు. పారవశ్యం అన్నది కళ్లకు కనిపించే ఒక సంఘటన.

ఇప్పుడు మన చిత్రానికి వద్దాం. ఎత్తే దేవదూతలు లేరు, ఆకాశం లేదు, తెరుచుకున్న మేఘాలు లేవు. ఆ చీకట్లో చూసేవారికి పట్టు దొరికే వస్తువులు చాలా తక్కువ. ఆమె పైకి లేవడం లేదు. బరువుగా వెనక్కి వాలింది, ఆ బరువు మెడలో, భుజంలో, పెనవేసుకున్న చేతుల్లో తెలుస్తోంది. దేవుడు కనిపిస్తున్నాడని చెప్పడానికి దేవుణ్ని గీయలేదు. చూస్తున్న మనిషి శరీరానికి ఏమైందో అది మాత్రమే గీశాడు. గాథలో బయట జరిగినదంతా కారవాజ్జో లోపలికి మార్చాడు. నా దృష్టిలో ఈ చిత్రం గొప్పతనం ఇక్కడే ఉంది. బెల్లోరి ఫిర్యాదుకు దీనికి మించిన జవాబు ఉండదు.

చీకటి విషయం కూడా చెప్పాలి. నేపథ్యాన్ని గాఢంగా ముంచేసి, ఒక పక్కనుంచి వచ్చే వెలుగుతో ఆకారాన్ని బయటికి లాగే ఈ పద్ధతిని టెనెబ్రిజం అంటారు. కారవాజ్జో చాలా చిత్రాల్లో ఇదే వాడాడు, కాబట్టి చీకటి కనిపించిన ప్రతిచోటా ఆధ్యాత్మిక సంకేతం వెతకడం సరికాదు. ముదురు రంగు పూతను ముందే వేసి, దాన్నే నీడగా వదిలేస్తే పని త్వరగా అవుతుంది కూడా. అయితే ఈ చిత్రంలో ఆ చీకటి గుహ పని కూడా చేస్తోంది. లోకం నుంచి విడిపోయిన మనిషికి చుట్టూ ఏమీ మిగలలేదు.

మూడు రకాల చదువు

ఆమెకు ఏమవుతోందన్న ప్రశ్నకు మూడు జవాబులు వినిపిస్తాయి. మూడింటికీ చిత్రంలో ఆధారం ఉంది.

ఒకటి, పశ్చాత్తాపం. కంటి దగ్గర తడి, పెనవేసుకున్న చేతులు, విరబోసిన జుట్టు దీనివైపు మొగ్గుతాయి. ఆ కాలపు చూసేవారికి ఇది అన్నిటికన్నా పరిచితమైన అర్థం. రెండోది మరణం. వాలిపోయిన తల, రంగు తగ్గిన పెదవులు, బిగువు వదిలేసిన ఒళ్లు చూసి, గుహలో ఆమె చివరి క్షణాలు ఇవి అనేవారున్నారు. మూడోది, శీర్షిక చెప్పే పారవశ్యం.

ఈ మూడోదాన్ని మన కాలపు చూపు తరచూ శృంగారంగా చదువుతుంది. ఆ అభిప్రాయాన్ని కొట్టిపారేయలేం. భుజం మీంచి జారిన బట్ట, విడివడిన పెదవులు చిత్రంలో ఉన్నవే. కానీ ఆనాటి భక్తి రచనల్లోనే దైవానుభవాన్ని శరీర భాషలో చెప్పే అలవాటు బలంగా ఉంది. స్పెయిన్‌కు చెందిన అవిలా తెరెసా ఆత్మకథ 1588లో అచ్చయింది. దేవదూత బాణం గుండెలో దిగితే కలిగిన నొప్పి ఎంత తీవ్రమో అంత తీయగా ఉందని, అది పోవాలని కోరుకోలేకపోయానని ఆమె రాసింది. ఆ సంఘటననే ఇటాలియన్ శిల్పి బెర్నీనీ 1647-52 మధ్య పాలరాతిలో చెక్కాడు. అక్కడా తల వెనక్కి వాలే ఉంటుంది, కళ్లు మూసుకునే ఉంటాయి. ఆ శిల్పానికి నాలుగు దశాబ్దాల ముందే కారవాజ్జో ఈ భంగిమను పట్టుకున్నాడు. నొప్పి, సుఖం, చావు, ప్రార్థన ఒకే ముఖంలో ఉండొచ్చని నమ్మిన కాలం అది. కాబట్టి మూడు చదువుల్లో ఒకటి ఎంచుకోవాలన్న తొందర మనదే తప్ప చిత్రానిది కాదనిపిస్తుంది.

1606 వేసవి

1606 మే 28న రోమ్‌లో జరిగిన గొడవలో కారవాజ్జో రనూచ్చో తొమాస్సోని అనే వ్యక్తిని చంపాడు. నగరం వదిలి పారిపోయాడు. అతనికి మరణశిక్ష పడింది. రోమ్‌కు దక్షిణాన, తూర్పున కొలొన్నా వంశానికి ఉన్న ఎస్టేట్లలో తలదాచుకున్నాడు. ఆ రోజుల్లో ఒక మగ్దలేనాను గీశాడని తొలి జీవితచరిత్రకారులు చెబుతారు. ఊరి పేరు దగ్గర మాత్రం వారి మాటలు కలవవు. మాన్చీని, బెల్లోరి జాగరోలో అంటారు, బాల్యోనె పాలెస్ట్రీనా అంటాడు.

హంతకుడు, పరారీలో ఉన్నవాడు, పశ్చాత్తాపపడిన పాపిని గీశాడు. ఇంతకన్నా తేలికగా అల్లుకునే కథ ఉండదు. అందుకే ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. మగ్దలేనా ఆ కాలంలో విపరీతంగా అమ్ముడుపోయే అంశం, డబ్బు అవసరమైన చిత్రకారుడు ఎవరైనా గీస్తాడు. తన మనసులో ఏముందో కారవాజ్జో ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా ఈ వాదనను పూర్తిగా తోసిపుచ్చలేకుండా చేసే వాస్తవం ఒకటుంది. 1610 జూలైలో క్షమాభిక్ష ఆశతో అతను నేపుల్స్ నుంచి రోమ్ వైపు పడవెక్కాడు, దారిలో పోర్టో ఎర్కొలెలో చనిపోయాడు. జూలై 29న కసేర్తా బిషప్ దెయొదాతో జెంతీలె, కార్డినల్ షిపియోనె బోర్గేసెకు రాసిన లేఖలో ఆ పడవలో ఉన్న చిత్రాల ప్రస్తావన ఉంది: ఇద్దరు బాప్తిస్మమిచ్చు యోహానులు, ఒక మగ్దలేనా. అవి నేపుల్స్‌లోని చియాయా ప్రాంతంలో ఉన్న కారవాజ్జో పట్టణపు మార్కీస్ (ఆ పట్టణపు ప్రభువంశ స్త్రీ), అంటే కొస్తాంజా కొలొన్నా, ఇంటికి తిరిగి చేరాయి.

1606లో గీసిన చిత్రం 1610లో పడవలో ఎందుకుంది? అమ్మకుండా తన దగ్గరే ఉంచుకుని ఉండాలి, లేదా అదే అంశాన్ని మళ్లీ గీసి ఉండాలి. పడవలోని మగ్దలేనా అసలు వేరే చిత్రమైనా కావచ్చు. లేఖలో వర్ణన లేదు కాబట్టి మూడూ సాధ్యమే.

అసలు ఏది, నకలు ఏది

కారవాజ్జో సంతకం చేసిన చిత్రం మనకు తెలిసి ఒక్కటే, మాల్టాలో ఉన్న యోహాను శిరచ్ఛేదం. మిగతావాటిని పత్రాలు, చేతులు మారిన చరిత్ర, శైలి, రంగుల పొరల పరీక్షలను బట్టి నిర్ణయించాలి. ఈ మగ్దలేనాకు నకళ్లు చాలా ఉన్నాయి. నేపుల్స్‌లో కారవాజ్జో పనిని దగ్గరగా ఎరిగిన ఫ్లెమిష్ చిత్రకారుడు లూయీ ఫిన్సన్ గీసిన నకలు ఒకటి మార్సెయ్ మ్యూజియంలో ఉంది. 1613లో ఫిన్సన్ ప్రొవాన్స్‌లో పనిచేశాడు. మరియ పడవ దిగిందని నమ్మే నేల మీద ఆమె కొత్త రూపానికి గిరాకీ ఉండడంలో వింతేమీ లేదు.

మూలచిత్రం పోయిందనీ, రోమ్‌లో ప్రైవేటు సేకరణలో ఉన్న 'క్లైన్ మగ్దలేనా' దానికి బాగా దగ్గరదనీ, బహుశా అదే మూలమనీ చాలాకాలం అనుకున్నారు. 2014లో కారవాజ్జో నిపుణురాలు మీనా గ్రెగోరి, యూరప్‌లో ఒక కుటుంబం దగ్గరున్న మరో చిత్రమే అసలుదని ప్రకటించారు. చర్మపు రంగుల్లోని తేడాలు, చేతుల చిత్రణ, ముఖంలోని తీవ్రత ఆమె చూపిన ఆధారాలు. దాంతోపాటు దొరికిన ఒక పాత చీటీలో చియాయా పేరు, కార్డినల్ బోర్గేసె పేరు ఉన్నాయి. పడవ కథతో అది అతుకుతోంది. 2016లో టోక్యోలో, తర్వాత ఢిల్లీ, బెంగళూరుల్లో ప్రదర్శించింది ఈ చిత్రాన్నే.

గ్రెగోరి మాటకు బరువుంది, దశాబ్దాల అధ్యయనం ఆమెది. ఒప్పుకోనివారి వాదనకూ బలముంది: మంచి నకలు చేసేవాడు ముఖంలో తీవ్రతను కూడా పట్టగలడు. పాత చీటీ ఈ కాన్వాసు గురించే రాశారని రుజువు చేయడం కష్టం. పైగా కారవాజ్జో పేరు తగిలితే చిత్రం విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి ప్రైవేటు యజమానుల చిత్రాల విషయంలో పండితులు మరింత పట్టుబట్టి అడుగుతారు. 2018లో పారిస్‌లోని జాక్‌మార్-ఆంద్రె మ్యూజియం రెండు మగ్దలేనాలనూ ఒకే ప్రదర్శనలో పెట్టింది. రెంటినీ కలిపి చూశాక కూడా అందరూ ఒకే వైపుకు రాలేదు. చియాయా ఇంట్లోంచి ఆ మగ్దలేనా ఎవరి చేతికి వెళ్లిందో చెప్పే పత్రం దొరికితే ఈ వాదం చాలావరకు తేలుతుంది. ఇప్పటికి ఢిల్లీలో, బెంగళూరులో లేబుల్ మీద రాసిన పేరు వెనక బలమైన ఒక నిపుణాభిప్రాయం ఉంది, దానికి ఎదురు ప్రశ్నలూ ఉన్నాయి.